నేను కోయకున్న మరియొకడు కోయడా?



మా మీర్‌పేట్ చెరువు గట్టున చెత్త పోయుచున్న ఒకనిని మేము వారింపగా, “నేను పోయకున్న మరియొకడు పోయడా?” అనెను. ఆ మాటకు మాకు వెంటనే జవాబు దొరకలేదు.

ఇట్టి మాటే తిరుపతి, కడప ప్రాంతపు కొండలలో ఒక అరుదైన చెట్టుకు ముప్పు తెచ్చుచున్నది. దాని పేరు పేరీత. చూపునకు పొట్టి ఈతచెట్టు వలె నుండును. మన తూర్పు కనుమలలో తప్ప లోకములో మరెక్కడను అది తనంతట తాను పెరుగదు. అందులో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగచెట్టు నడినెత్తిన పెద్ద కంకి పుట్టును. దాని పుప్పొడి ఆడచెట్టునకు చేరిననే గింజ కట్టును. ఆ కంకినే నాటు మందులకై కోసికొని పోవుదురు. చెట్టు పచ్చగానే నిలుచును గనుక కోసినవానికి తప్పు చేసితినని తోచదు. అయితే గింజ లేదు, మొలక లేదు.

ఈ చెట్టుతో విదేశ వర్తకమును అంతర్జాతీయ ఒడంబడిక నిషేధించినది. 2010లో శేషాచలము రక్షిత జీవావరణముగా ప్రకటింపబడెను. అయినను ప్రతి చెట్టు ప్రక్కను చట్టము కావలి నిలువగలదా?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, గూటిలోని పిల్లలను తీసికొనువాడు తల్లిపక్షిని విడిచిపెట్టవలెనను ఆజ్ఞ గలదు. మరియొకడు దానిని పట్టుకొనునేమో యను సాకునకు అక్కడ చోటు లేదు. తీసికొనుటకు హద్దు గలదు. ఎవరును చూడని చోటను అది హద్దే.

ఆ “మరియొకడు” కూడ మనలను చూపియే అట్లనుచున్నాడు. వాని లెక్క వాడు చెప్పుకొనును. మన లెక్క మనమే అప్పగింపవలెను.