స్వేచ్ఛావిపణి, వ్యక్తిహక్కు: ‘కన్యాశుల్కం’ లేవనెత్తే నైతిక ప్రశ్న

ఇష్టపడి అమ్మేవాడు, ఇష్టపడి కొనేవాడు ఉన్నచోట మూడోవాడు అడ్డు చెప్పరాదన్నది స్వేచ్ఛావిపణిని సమర్థించేవారి మూలవాదం. ఈ వాదానికి బలం వ్యక్తిహక్కునుంచి వస్తుంది. 17వ శతాబ్దిలో జాన్ లాక్ ఆస్తిహక్కుకు పునాదిగా చూపినది ప్రతి మనిషికీ తన దేహంపై ఉన్న స్వామ్యాన్నే. అయితే బేరం కుదిరిన ప్రతిచోటా హక్కు ఉన్నట్టేనా? గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకాన్ని సంఘసంస్కరణ దృష్టితో చదవడం పరిపాటి. విపణికీ హక్కుకూ ఉన్న సంబంధాన్ని ఆ నాటకం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1897 నాటి తొలి ముద్రణకు రాసిన ఆంగ్ల పీఠికలో గురజాడ ఒక పట్టికను ప్రస్తావించారు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లపాటు జరిగిన శుల్కవివాహాల వివరాలను సేకరింపజేశారు. సొమ్ము పుచ్చుకొన్నామని ఒప్పుకోవడానికి జనం వెనుకాడినా 1,034 వివాహాలు నమోదయ్యాయి. వధువుల్లో ఐదేళ్లవారు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు 6, ఏడాది వయసువారు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. గర్భస్థ శిశువుకు సైతం బేరాలు కుదిరేవని గురజాడ పేర్కొన్నారు. ఇక్కడ ధర ఉంది, గిరాకీ ఉంది, భావివ్యాపారం కూడా ఉంది. లేనిది వధువు సమ్మతి ఒక్కటే.

నాటకంలోని కథను ఈ లోపమే నడుపుతుంది. అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధాన్లుకు ఇవ్వజూపుతాడు. ఆ పెళ్లి తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి అదే వరుడికి అమ్ముతాడు. ఈ మోసం పారడానికి కారణం వేషంలోని నైపుణ్యం మాత్రమే కాదు. వధువును ఏమీ అడగనక్కరలేదన్నది అందరికీ సమ్మతమైన నియమం. అడిగే ఆచారమే ఉంటే మోసం మొదటి మాటలోనే బయటపడేది. హక్కును గుర్తించని విపణి కొనుగోలుదారునూ కాపాడలేకపోయింది.

తండ్రి సంరక్షకుడు గనుక బిడ్డ తరఫున నిర్ణయించవచ్చునన్న ఆక్షేపణ రావచ్చు. సంరక్షకుడి అధికారం సంరక్షితురాలి మేలుకోసం ఏర్పడింది. ఆమెను అప్పగించి ప్రతిఫలం తానే పుచ్చుకొన్న క్షణాన అతడు విక్రేత అవుతాడు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం మైనరుకు ఒప్పందం చేసుకొనే అర్హత లేదన్నది. మైనరు ఒప్పందం చెల్లనే చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. పసిపిల్ల తన గాజును తాను అమ్ముకోలేదు. ఆమెను మాత్రం ఇతరులు అమ్మగలిగారు.

అలాగైతే దోషం ధరలో ఉందా? శుల్కాన్ని రద్దుచేస్తే సరిపోతుందా? తరువాతి చరిత్ర అలా చెప్పదు. కన్యాశుల్కం వెనుకబడి వరకట్నం ప్రబలింది. దాన్ని నిషేధిస్తూ 1961లో చట్టం చేయవలసివచ్చింది. సొమ్ము నడిచే దిశ మారినా, నిర్ణయంలో స్త్రీ స్థానం అంతగా మారలేదు. కాబట్టి విపణిని నిందించి ఊరుకోవడమూ, ధరను నిషేధించి తృప్తిపడడమూ రెండూ అసంపూర్ణాలే.

సమ్మతి ఉంటే చాలునా అన్నది తరువాతి ప్రశ్న. తనను తాను బానిసగా అమ్ముకొనే ఒప్పందాన్ని 1859లో జాన్ స్టూవర్ట్ మిల్ అంగీకరించలేదు. 1974లో రాబర్ట్ నోజిక్ స్వేచ్ఛావ్యవస్థ దానిని అనుమతిస్తుందన్నారు. బుచ్చమ్మ పాత్ర ఈ వివాదానికి మరో కోణాన్ని చేరుస్తుంది. ఆమె గిరీశం వెంట ఇష్టపడే వెళ్లింది. కానీ అతడెవరో ఆమెకు తెలియదు. తెలియనిదానికి ఇచ్చిన సమ్మతి సగం సమ్మతే. సౌజన్యారావు పంతులు ఆమెను చదువుకోసం వితంతు శరణాలయానికి పంపాలని నిర్ణయించడంలో సార్థకత ఇదే. ఎంచుకొనే హక్కుకు ఎంచుకొనే శక్తి తోడు కావాలి.

నాటకంలో తన బేరం తాను చేసుకొనే స్త్రీ మధురవాణి ఒక్కతె. సమాజం సరుకుగా చూసిన ఆమెకే ఒప్పందం అర్థం తెలుసు. లుబ్ధావధాన్లును కాపాడే సహాయానికి ప్రతిగా సౌజన్యారావు పంతులునుంచి ముద్దు కోరి, ఆయన ఒప్పుకొన్నాక దానిని తానే వదులుకొంటుంది. రావలసినదాన్ని వదులుకోగలవాడే దానికి నిజమైన హక్కుదారు. సుబ్బికి అమ్ముడుపోవడం తప్ప మరో దారి లేదు. మధురవాణికి అమ్మే స్వేచ్ఛతోపాటు అమ్మకుండా ఉండే స్వేచ్ఛా ఉంది.

విపణి స్వేచ్ఛను కొలవవలసింది అక్కడ కుదిరిన బేరాల సంఖ్యతో కాదు, అక్కడ ‘కాదు’ అనగలిగినవారి సంఖ్యతో. ఆ కొలతకు నిలిచినప్పుడే స్వేచ్ఛావిపణి వ్యక్తిహక్కుకు కొనసాగింపు అవుతుంది. నిలవనప్పుడు అది ఒకరి హక్కును మరొకరు వాడుకొనే సంతగా మిగులుతుంది.