పడకపోతే?

పాలమూరులోనూ నల్లగొండలోనూ ఎండలు ముదిరి బోర్లు ఒట్టిపోయే రోజుల్లో, రాత్రి అన్నాలు తిన్నాక ఎన్నో ఇండ్లలో ఒక వాదం నడుస్తుంది. బత్తాయి తోట ఎండుతుంటుంది. ‘ఇంకో బోరేద్దాం’ అంటాడు ఆయన. ‘మొన్నటి బోరు బాకే తీరలే’ అంటుంది ఆమె. ‘నీళ్లు పడ్డయంటే ఒక్క కాపుకే తీర్తది.’ ‘పడకపోతే?’

ఆ ఒక్క మాటకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు. అందులో ఎగతాళి లేదు, దెప్పిపొడుపు లేదు. అతని ఆశకు అవతలి ఒడ్డు ఎట్లా ఉంటుందో చూపించి ఊరుకుంది, అంతే. దాన్ని తన మగతనానికి తగిలిన దెబ్బ అనుకోకుండా ‘సరే, నువ్వే లెక్క చెప్పు’ అని ఆయన పక్కకు జరిగి ఆమెకు చోటిస్తే, ఆ మంచం పట్టె మీద జరిగేదానికి ఏ మహాసభ సాటి వస్తుంది? బోరు అప్పుల కింద నలిగి రైతులు ప్రాణాలు తీసుకున్న జిల్లాలివి. అడగగలిగిన ఆ ఇల్లాలి ధైర్యం ఎంతటిదో, వినగలిగిన ఆయన ధైర్యమూ అంతటిదే. ఒక్కోసారి చివరికి బోరు వెయ్యాలనే తేలుతుంది. తేలనీ. అప్పుడు ఆ అప్పు ఇద్దరిదీ అవుతుంది.

ఇక్కడి పెద్ద వాదాలకూ ఈ మర్యాద తెలుసు. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు బిడ్డ. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్నట్టు ఒక పండితుడు రాస్తే ఆయన మనసు ఎంత మండి ఉంటుంది! ఆ మంటను ఆయన పనిలో పెట్టాడు. కవులారా, మీ పద్యాలు పంపండి అని పిలిచాడు. 1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది. అందులో 354 మంది కవులు! ఎన్నడూ అచ్చు మొహం చూడని ఊళ్ల పేర్లు వరసగా నిలబడి, మేమున్నామన్నాయి. కాదన్న మనిషి చిన్నబోకుండా, అన్న మాట మాత్రం నిలవకుండా చెప్పిన ఈ జవాబును తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

1951 ఏప్రిల్‌లో వినోబా భావే హైదరాబాద్ జైలులో కమ్యూనిస్టు ఖైదీలను కలిసి మాట్లాడారు. వాళ్ల సాయుధ పోరాట దారి ఆయనకు సమ్మతం కాదు, ఆయన అహింసా దారి వాళ్లకు కాదు. అయినా ఎదురెదురుగా కూర్చున్నారు. ఆ తర్వాత, 18వ తేదీన, అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో దళితులు తమకు 80 ఎకరాలు కావాలని ఆయన ముందు నోరు తెరిచి అడిగారు. ఆయన ఊరి వైపు తిరిగి, ఎవరైనా ఇస్తారా అన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అట్లా మొదలైన భూదానం తర్వాతి రోజుల్లో ఎక్కడెక్కడ తడబడిందో వాదించవలసిందే, నేనూ వాదిస్తాను. కానీ తుపాకులు మోగుతున్న జిల్లాలో, రేపు మళ్లీ అదే బాటలో ఎదురుపడే మనుషులు ఒకరినొకరు చూస్తూ అడగడం, వినడం, ఇవ్వడం అద్భుతం కాక మరేమిటి?

అన్నదమ్ముల గెట్టు పంచాయితీలు ఇంకా కష్టం. జానెడు భూమి కోసం ఏండ్ల తరబడి మాటలు బంద్ చేసుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అందుకే మాటలు ఆపని అన్నదమ్ములంటే నాకంత గౌరవం. దసరా నాడు జమ్మి చెట్టు దగ్గరి నుంచి తమ్ముడు నేరుగా అన్న ఇంటికే వస్తాడు. బంగారమని జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాడు. అన్న లేపి అలాయ్ బలాయ్ ఇస్తాడు. గెట్టు సంగతి ఇద్దరూ మరిచిపోలేదు, మరవాల్సిన పనీ లేదు. వదిన పెట్టిన గారెలు తింటూనే తమ్ముడు అంటాడు: ‘అన్నా, పండుగైనంక సర్వేయర్‌ను పిలుద్దాం. నువ్వో దిక్కు గొలుసు పట్టు, నేనో దిక్కు పడ్త.’