వేషం, ఇష్టం, బాధ్యత

నాట్యం ఏ వర్గానికి సేవ చేస్తున్నదని మన విమర్శకులు అడుగుతారు గాని, ఆడే మనిషి ఒంటి మీది గుడ్డను ఎవరు నిర్ణయించారని అడగరు. అడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఇష్టపడే కట్టుకున్నది గదా!" ఇష్టపడి తొడుక్కున్న వేషం మనిషికి కీడు చేస్తే బాధ్యత ఎవరిది? గోదావరిఖనిలో పాఠాలు చెప్పుకునే నాకు ఇది నాట్యశాల ప్రశ్న మాత్రమే కాదు, బొగ్గుబాయి ప్రశ్న కూడా.

ముందు యూరపు బాలే సంగతి చూద్దాం. 14వ లూయీ ఆస్థానంలో పెరిగిన ఆ నృత్యానికి మొదట దర్బారు దుస్తులే వేషం. బరువైన పొడుగు గౌన్లలో స్త్రీ పాదం కనిపించేది కాదు. 18వ శతాబ్దంలో మరీ కమార్గో తన పాదాల పనితనం జనానికి కనబడాలని గౌను అంచు కురచ చేసింది. 1832లో 'లా సిల్ఫీడ్' నృత్యనాటకంలో మరీ తాలియోనీ తెల్లని పలుచని స్కర్టుతో రంగం మీదికి వచ్చింది. అప్పటినుంచి ఆ తెలుపే బాలేకు గుర్తయింది. ఒకనాడు కాలికి స్వేచ్ఛనిచ్చిన మార్పు మరునాడు కాదనరాని ఆచారమై కూర్చున్నది.

ఆ తెలుపు మెరిసింది గ్యాసు దీపాల వెలుగులో. ఆ గ్యాసు బొగ్గు నుంచి తీసింది. పలుచని మస్లిను పక్కన మండే దీపం ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. రంగస్థలం దుస్తులను మంట అంటని రసాయనంలో ముంచాలని 1859లో ఫ్రెంచి ప్రభుత్వం శాసించింది. ముంచితే గుడ్డ బిరుసెక్కేది, తెలుపు మాసేది. పారిస్ ఒపేరా నర్తకి ఎమ్మా లివ్రీ అలాంటి స్కర్టు తొడగనని రాసి ఇచ్చింది. 1862 నవంబరు 15న, నేపుల్స్ బెస్తల తిరుగుబాటు కథలో మూగపిల్ల పాత్రకు రిహార్సలు జరుగుతుండగా ఆమె స్కర్టుకు దీపం మంట అంటుకున్నది. ఎనిమిది నెలలు యాతనపడి 1863 జూలైలో కన్నుమూసింది. అప్పటికి ఆమె వయస్సు ఇరవై.

రాసి ఇచ్చింది ఆమే, నిజమే. కాని మాసిన స్కర్టును మెచ్చని రుచి ఆమె ఒక్కతె పుట్టించినది కాదు. టిక్కెట్టు కొన్నవారి కన్ను, నాట్యశాల ప్రతిష్ఠ, చేతిలోని స్థానం జారిపోతుందన్న భయం, ఇన్ని కలిసి ఆమె చేత ఆ మాట రాయించాయి. శాసనం చేసినవారు ఆ కాగితం చూసి చేతులు దులుపుకున్నారు.

ఇదే తర్కం గనిలోనూ వినిపిస్తుంది. 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని తీగవల అమర్చి గని కార్మికునికి దీపం చేశాడు. వల మంటను లోపలే ఆపుతుంది. కాని ఆ దీపం చూపించి యజమానులు అంతకుముందు ప్రమాదమని వదిలేసిన చోట్లకు కూడా మనుషులను దింపారు. రక్షణ సాధనం సైతం ఎవరి చేతిలో ఉంటే వారి పనే చేస్తుంది. ఏ గనిలోనైనా ఉక్కకూ దుమ్ముకూ తాళలేక, పని తరగదన్న తొందరలో ముఖం మీది గుడ్డ తీసినవాణ్ణి "వాడే తీసేశాడు" అంటే సరిపోతుందా? పని వేగాన్ని నిర్ణయించింది వాడు కాదు గదా!

ఇక మన కూచిపూడి. భాగవత మేళాల్లో తరతరాలు మగవారే ఆడవేషం కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ తిప్పితే జనం పరవశించారు; అది నిజంగా గొప్ప కళ. కాని అదే కాలంలో చీరకట్టి ఆడిన కళావంతుల స్త్రీకి దక్కింది నింద. 1947 మద్రాసు శాసనం దేవదాసీ అంకితాన్ని నిషేధించింది. ఆ సంస్కరణ అవసరమే. అయినా ఆమె బతుకు మారేలోగా ఆమె నాట్యం ఇతరుల వేదికలకు చేరింది. ఆడవేషాన్ని పూజించిన సమాజం ఆడమనిషిని దూరం పెట్టింది.

నేడు కుట్టిన కూచిపూడి దుస్తులు అద్దెకు దొరుకుతున్నాయి. బడి వార్షికోత్సవాల్లో నడుముకు బిగించిన పట్టీతో ఊపిరి బిగబట్టిన పిల్లను "బాగుందా?" అని అడిగితే "బాగుంది సార్" అంటుంది. మరో జవాబు చెప్పే వీలు ఆమెకు మనం ఇచ్చామా?

1972లో పుట్టిన జననాట్య మండలి వేషం వేరు. గద్దర్ కట్టిన ధోవతి, గొంగడి, గజ్జెలు చెమటకూ గంతుకూ అడ్డురాలేదు. అద్దె లేదు, దర్జీ లేడు. ఆ గొంగడి గొర్రెలకాపరి ఇంట్లోది. కాని గొంగడి లేనిదే అభ్యుదయ కళాకారుడు కాడని మనం పట్టుబడితే, తాలియోనీ తెలుపు చేసిన పనే అదీ చేస్తుంది.

వేషం ఆడంబరమా, నిరాడంబరమా అన్నది నాకు రెండో ప్రశ్న. కాదన్నా వేదిక మీద చోటు పోకుండా ఉంటేనే కళాకారుని ఇష్టాన్ని ఇష్టమని ఒప్పుకుంటాను. బిడ్డకు పట్టీ బిగించే ఉపాధ్యాయుడూ, దళానికి దుస్తులు నిర్ణయించే నాయకుడూ ముందు ఆ కాదనే హక్కు ఇవ్వాలి. అది ఇవ్వనంతకాలం కీడు జరిగితే బాధ్యత తొడిగించినవారిదే.