అద్దెయింటి గడపలో దాసోహము

కల్యాణ పట్టణమున బిజ్జలుని కొలువులో భండారిగా నుండియు బసవేశ్వరుడు తన యార్జనమును తనదని తలపక జంగమ దాసోహమునకు వినియోగించెను. అట్టి దాసోహము నేడు అన్నము పెట్టుటతో ముగియునా?

చీడికాడ వంటి పల్లెలనుండి విశాఖపట్టణమునకు కూలికి వెళ్లిన కుటుంబమునకు నెలదినములు పని తప్పినచో, మొదట వినవచ్చునది ఇల్లు ఖాళీ చేయుమను మాటయే. 2020 మార్చి 29న కేంద్ర ప్రభుత్వము, విపత్తు నిర్వహణ చట్టము ననుసరించి, కూలీలను ఒక నెల అద్దె యడుగరాదనియు, బలవంతముగ ఖాళీ చేయించిన యజమానులపై చర్య తీసికొనబడుననియు ఆదేశించెను. ధర్మమైన యాజ్ఞయే. కాని ఆ యద్దెను ఎవరు భరింపవలెనో అందు లేదు. వెనుకగది అద్దెతో మందులు కొనుక్కొను వృద్ధురాలి మాటయేమి? యజమానులందరు ధనికులు కారు గదా!

చట్టము గెంటు చేతిని ఆపగలదు. ఆ నెల పైకమును సమకూర్పవలసినది దాసోహమే. అన్నదాసోహమునకు పేరొందిన మఠములు ఆ పద్దునందే కొంత విడిగా నుంచి, పని పోయిన కుటుంబపు రెండునెలల యద్దెను నేరుగ యజమానికే చెల్లించినచో ఇరువురి పొయ్యియు ఆరదు. పుచ్చుకొనువారి కులము అడుగరాదు. ఇచ్చినవారి పేరు వారికి తెలియనక్కరయు లేదు, దాతనను తలంపే దాసోహమునకు విరుద్ధము గనుక. చీడికాడ పరిసరములందలి భక్తులు శ్రావణ సోమవారమున ఈ పద్దును తెరువవచ్చును.