వ్యాయామశాల గడప

ఒక స్థలమునకు ‘అందరిది’ అని పేరు పెట్టుట సులభము. ఆ పేరు నిలుపుకొనుట కష్టము. గ్రంథాలయము, సమాజ మందిరము, వ్యాయామశాల మున్నగునవి పదిమంది చందాలతోనో, ప్రజలు కట్టిన పన్నులతోనో లేచినవి. నడువలేక చక్రాల కుర్చీలో సంచరించు మనుష్యుడొకడు అట్టి ద్వారముకడకు వచ్చినప్పుడు, లోనికి పోవుట అతని హక్కా? లేక లోనివారి దయయే అతనికి దారియా? ఈ ప్రశ్నను వ్యాయామశాలను ముందుంచుకొని విచారింతము. ఏలయన, నడువలేని వానికి ఇచ్చట పని యేమి యని లోకము తేలికగా తలంచు చోటు అదియే.

తెలుగువారి దేహబలమును తలచినంతనే స్ఫురించు పేరు కోడి రామమూర్తినాయుడుగారిది. 1882లో వీరఘట్టమున జన్మించిన ఆ మహామల్లుడు ఇనుప గొలుసులను త్రెంచెను. రొమ్ముపై ఏనుగును నిలుపుకొనెను. సొంత సర్కసుతో దేశములు తిరిగెను. అట్టివానికే కడపటి కాలమున కాలిపై పుండు లేచి, కాలు తీసివేయవలసి వచ్చెను. 1942లో ఒడిశాలోని బలంగీరులో ఆయన కన్నుమూసెను. మల్లుడైనను ఒక కాలును నిలుపుకొనజాలని ఈ లోకమున, మెట్లెక్కగల శక్తి ఎవరికిని శాశ్వతమైన ఆస్తి కాదు. వ్యాధి, ప్రమాదము, వార్ధక్యము ఈ మూడింటిలో ఏదో యొకటి ప్రతి ఇంటి తలుపును తట్టునదే. కావున ఈ విచారణ పరాయివారిని గూర్చినది కాదు.

కాళ్ళు పోయిన పిమ్మట వ్యాయామమెందుకని యడుగువారికి చరిత్ర సమాధానము చెప్పినది. రెండవ ప్రపంచ యుద్ధమున వెన్నెముక దెబ్బతిన్నవారికి ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వైద్యము చేసిన లుడ్విగ్ గుట్‌మన్ క్రీడను చికిత్సలో భాగము చేసెను. 1948 జూలై 29న, లండను ఒలింపిక్ క్రీడలు ఆరంభమైన నాడే, ఆయన 16 మందిచే చక్రాల కుర్చీలనుండి విలువిద్యా పోటీ జరిపించెను. నేటి పారాలింపిక్ క్రీడలకు అదియే బీజము. మహారాష్ట్రుడైన మురళీకాంత్ పేట్కర్ సైనికుడు. 1965 యుద్ధమున తుపాకిగుండ్లు తగిలి నడుము క్రింది భాగము చచ్చుబడెను. ఆయన ఈతను ఆశ్రయించి, 1972లో హైడెల్‌బర్గున 50 మీటర్ల ఈతలో మన దేశమునకు తొలి పారాలింపిక్ స్వర్ణమును తెచ్చెను. పసితనమున జ్వరముచే అవయవములు చచ్చుబడిన బెంగళూరు వనిత మాలతీ హొళ్ళ చక్రాల కుర్చీ పందెములలో కీర్తి గడించి, 2001లో పద్మశ్రీ పొందెను.

పతకముల మాట యటుండనిండు. చక్రాల కుర్చీలో బ్రతుకువానికి భుజములే కాళ్ళు. కుర్చీ తోయుటయు, మంచముపైకి మారుటయు, స్నానమునకు పోవుటయు ఆ భుజముల పనియే. అవి అరిగిపోయినచో అతని స్వేచ్ఛయు అరిగిపోవును. నిత్యము కూర్చుండుటచే రక్తప్రసారము మందగించును, ఒరిపిడిచే పుండ్లు లేచును, దేహము బరువెక్కును. అనగా వ్యాయామము నడుచువాని కంటె నడువలేని వానికే హెచ్చు అవసరము. ఆకలి హెచ్చుగా నున్నవానినే పంక్తికి దూరముగా నుంచినట్లున్నది మన ఏర్పాటు.

‘అట్టివారెవ్వరును మా శాలకు రారు, రానివారికొరకు వ్యయమేల?’ అని కార్యదర్శులు చెప్పుచుందురు. వారు రాకపోవుటకు మన మెట్లే కారణమై, ఆ రాకపోవుటయే మెట్లు తీయకుండుటకు కారణమగుచున్నది. 2011 జనాభా లెక్కలలో వికలాంగుల సంఖ్య 2.68 కోట్లు, వారిలో 54 లక్షలకు పైగా కదలికకు సంబంధించిన లోపము కలవారు. వారు లేకపోలేదు, మన కంట బడుటలేదు.

ఈ తర్కము ప్రవాసాంధ్రులమైన మనకు కొత్తది కాదు. అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పవలెనన్నచో తరగతికి పదిమందియైనను, బడికి నలుబదిమందియైనను ఉండవలెనను నియమము 1949లో ఏర్పడినది. ఉపాధ్యాయుడు లేని బడిలో పిల్లలు చేరరు. పిల్లలు చేరని బడికి ఉపాధ్యాయుడు రాడు. ఈ చిక్కుముడిలో తరతరములు గడపినవారమే మనము. తెలుగు వాచకము మనకు భిక్షగా కాక న్యాయముగా రావలెనని కోరితిమి. సంఖ్య చాలదని మనతో చెప్పినప్పుడు నొచ్చుకొన్న మనము, అదే మాటను మన ద్వారముకడ వేరొకనితో చెప్పుట తగునా?

‘మెట్లున్ననేమి, ఇద్దరము పట్టి లోనికి చేర్చుదుము’ అను మంచివారును కలరు. వారి హృదయము మెచ్చదగినదే. కాని దినదినమును ఎవరినో పిలిచి, వారు వచ్చువరకు వీధిలో నిలిచి, మూటవలె ఎత్తబడి, తిరిగి పోవునప్పుడు మరల చేయి చాచుట యెట్టిదో తలంపవలెను. ఎత్తువాడు రానినాడు అతని వ్యాయామమును లేదు. దయ ఇచ్చువాని వీలును బట్టి నడచును. న్యాయము గోరువాని అవసరమును బట్టి నడచును. ఎవరిని అడుగకయే వచ్చి, ఎవరికి చెప్పకయే పోగలుగుట స్వాతంత్ర్యములో మొదటి మెట్టు. ఆ మెట్టునకు మాత్రము వాలుబాట కావలెను.

శాసనమును ఈ వైపుననే యున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19న అమలులోనికి వచ్చెను. ప్రజలు వాడు భవనము ప్రభుత్వముదైనను ప్రైవేటుదైనను అందుబాటు నియమములకు లోబడవలెను. ఆ ప్రమాణములు సలహాలుగా మాత్రమే యుండరాదు, తప్పనిసరి కావలెనని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అయినను చట్టము వాకిలి వరకే వచ్చును. ఆహ్వానము మాత్రము మనము చేయవలసినదే.

చేయవలసిన పనులు అసాధ్యములు కావు. ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల వాలుబాట యుండవలెను. అంతకు నిటారైనచో ఎక్కువాడు వెనుకకు దొరలును. ద్వారము 900 మిల్లీమీటర్లకు తగ్గరాదు. యంత్రముల నడుమ కుర్చీ తిరుగుటకు అయిదడుగుల చోటు విడువవలెను. చేతికందు ఎత్తున లాగుడు త్రాళ్ళును, తొలగింపదగిన ఆసనము గల యంత్రమొకటియు, కుర్చీతో సమానమైన ఎత్తుగల బల్లయు ఉండిన ఆరంభమునకు చాలును. మరుగుదొడ్డిని మరువరాదు, దానికి మూడడుగుల తలుపు లేనిచో మిగిలినదంతయు వ్యర్థము. మేడమీది శాలకు లిఫ్టు లేనిచో కొన్ని పరికరములైనను క్రిందికి దింపవచ్చును. ఉద్యానములలో పశువులను, మోటారు వాహనములను ఆపుటకు అడ్డముగా పాతిన గొట్టములు కుర్చీని గూడ ఆపుచున్నవి. వాని ప్రక్కన దారి విడుచుట పురపాలకుల విధి, విడిపించుట మన విధి.

మన సమాజముల పెద్దలకు ఒక మనవి. వచ్చు కార్యవర్గ సమావేశమునకు ముందు, మీలో నొకరు చక్రాల కుర్చీలో కూర్చుండి, వీధినుండి వ్యాయామశాల వరకును, అచ్చటినుండి మరుగుదొడ్డి వరకును సొంత చేతులతో పోయి రండు. ఆగిన చోటులెల్ల వ్రాసికొనుడు. ఆ జాబితాయే ఆ సమావేశమున తొలి చర్చాంశము కావలెను. వీలైనచో కుర్చీలో నిత్యము తిరుగువారినే పిలిచి వారి మాట వినుడు; కొలతబద్ద కంటె వారికి హెచ్చు తెలియును.

గడపకు పసుపు పూసి, ముగ్గు పెట్టి పూజించు జాతి మనది. ఎన్ని రాష్ట్రములలో స్థిరపడినను ఆ ఆచారమును విడువలేదు. గడపను గౌరవించుట లోనికి వచ్చువారిని గౌరవించుటకే గాని, వారిని ఆపుటకు గాదు. ఒక్క మనుష్యుడైనను దాటలేని గడప యున్నంతవరకు ఆ శాలకు ‘అందరిది’ అను పేరు చెల్లదు.