కాయని తీగ

కాయని చెట్టుని మనవాళ్ళు ఎంత తేలిగ్గా "గొడ్డుది" అనేస్తారో ఎప్పుడైనా గమనించారా? మొన్న బషీరాబాద్‌లో మా వదిన అలాగే అనేసింది. ఆవిడ కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్ళ పెరటి కంచె మీద ద్రాక్షలాంటి తీగ ఒకటి పాకిందట. ఏటా పూత వస్తుంది, కాయ మాత్రం లేదు. ఫోన్లో బొమ్మ చూసి వదిన తీర్పు చెప్పేసింది: "గది గొడ్డుదే బిడ్డా, కొట్టిపారేయ్."

కొట్టే ముందు అదేం తీగో తెలియాలిగా! ఆకుని నమ్ముకుంటే మోసపోతాం. నులితీగని చూడాలి. ద్రాక్ష జాతిలో అది కణుపు దగ్గర ఆకుకి సరిగ్గా ఎదురువైపు పుడుతుంది. మన నల్లేరూ ఆ కుటుంబానిదే, పచ్చడికి కోసేటప్పుడు చూడండి. అమెరికాలో మూన్‌సీడ్ అని ఒక విషపు తీగ ఉంది. మన తిప్పతీగకి చుట్టం. దాని గుత్తులు అచ్చం నల్లద్రాక్షే! కాని నులితీగలుండవు, పండు చిదిపితే నెలవంకలాంటి గింజ ఒక్కటే ఉంటుంది. కాయలేదని బాధపడేవాళ్ళు ఒక్కోసారి కాయనందుకు దణ్ణం పెట్టుకోవాలేమో.

మా మేనకోడలి తీగకి నులితీగలు ఎదురుగానే ఉన్నాయి. అడవి ద్రాక్షే. మరెందుకు కాయదు? నీడ కావచ్చు. ఈ ఏటి గుత్తి కిందటేడే మొగ్గలో రూపు కడుతుంది. అప్పుడు ఎండ తగలకపోతే ఇప్పుడు ఎన్ని నీళ్ళు పోసీ లాభం లేదు. హైదరాబాదు చుట్టుపక్కల అనాబెషాహి తోటలవాళ్ళు ఏప్రిల్లో ఒకసారి, అక్టోబర్లో ఒకసారి కొమ్మలు కత్తిరించింది ఈ లెక్క తెలిసే. ఎరువు మరీ ఎక్కువైనా ఆకే తప్ప కాయ ఉండదు.

ఇవేవీ కాకపోతే, అది మగ తీగ అయ్యుండాలి. తోట ద్రాక్షలో చాలావాటికి ఒక్క పువ్వులోనే ఆడా మగా రెండూ ఉంటాయి. వేల ఏళ్ళ కిందట మనుషులు అలాంటి తీగల్నే ఏరి పెంచుకున్నారు. అడవి ద్రాక్షలో మాత్రం మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. మగ తీగ పూస్తుంది, పుప్పొడినిస్తుంది, అంతే. అది చుట్టుపక్కల లేకపోతే ఆడ తీగా కాయదు.

మనకిదేం వింత కాదు. పోతుతాడు, పండుతాడు అని పేర్లు పెట్టుకున్నది మనమే. పోతుతాటిని ఎవరూ గొడ్డుది అనరు, కల్లిస్తుంది కదా! ఎదురుగా పాకింది మగ తీగే అయినా, నోటికొచ్చేది మాత్రం ఆడదాన్ని తిట్టే తిట్టే.

నాకు తెలిసినావిడ ఒకరు పెళ్ళయ్యాక ఆరేళ్ళు ఆ మాట పడ్డారు. మందులు మింగారు, రావిచెట్టు చుట్టూ తిరిగారు. ఒక డాక్టరమ్మ గట్టిగా అడిగేదాకా ఆయన్ని పరీక్ష చేయించుకోమనాలని ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. లోపం ఆయనదేనని తేలాక ఇల్లంతా చప్పబడిపోయింది. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అనాలని నేనూ అనను. ఒకరి మీంచి తీసి మరొకరి మీద వేస్తే అది న్యాయమెలా అవుతుంది? నన్ను తొలిచేది వేరే ప్రశ్న. నిజంగా ఆవిడలోనే లోపం ఉండుంటే, ఆ ఆరేళ్ళ మాటలు సబబయ్యేవా? "పాపం, తప్పు ఆవిడది కాదట" అని ఇప్పుడు జాలిపడేవాళ్ళ మాటల్లో, తప్పంటూ ఒకటి ఉందన్న నమ్మకం అలాగే ఉంది.

ఆవిడిప్పటికీ ఎవరింట్లో సీమంతమైనా పిలుపు అందగానే బయల్దేరరు. ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. వెళ్ళినా, గాజులు తొడిగే వేళకి వంటింట్లో ఏదో పని కల్పించుకుంటారు.