తూకం ఒక్కటే ఉండాలి

తల్లీ,

పుస్తకాల మీద రాయడం మొదలుపెట్టావని తెలిసి సంతోషించాను. నీ రాతలో వేడి ఉంది, దాన్ని చల్లార్చుకోమనను. ఆ వేడిని ఎలా వాడాలో గాయని బెంగుళూరు నాగరత్నమ్మను చూసి నేర్చుకోమంటాను.

18వ శతాబ్దంలో, తంజావూరు ప్రతాపసింహుని కొలువులో గణిక ముద్దుపళని 'రాధికా సాంత్వనం' కావ్యం రాసింది. అందులో కోరిక రాధది, అలక రాధది. బతిమాలుకోవడం కృష్ణుడి వంతు. తర్వాతి కాలంలో సంస్కర్త వీరేశలింగం పంతులుగారికి అది ఆడవాళ్లు వినడానికే తగని రాతగా తోచింది. నాగరత్నమ్మ తిట్టి ఊరుకోలేదు. రాతప్రతి సంపాదించింది. అంతకుముందు అచ్చులో వదిలేసిన భాగాలు గుర్తించి, పూర్తి పాఠాన్ని 1910లో వావిళ్ల వారిచేత వేయించింది. అప్పుడు నిలదీసింది: ఈ సిగ్గు ఆడదానికేనా? వేశ్య కథే అయిన 'వైజయంతీ విలాసం' మగకవిది కాబట్టి పనికొచ్చిందా? పుస్తకాన్ని తెల్లదొరల సర్కారు నిషేధించింది గాని, ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయింది.

అలాగని పంతులుగారిని ఒక్కమాటతో కొట్టిపారేయకు. 1881లో రాజమండ్రిలో, ఊరంతా ఎదురుతిరిగినా, వితంతు వివాహం జరిపించిన మనిషాయన. ఆయన నిలబెట్టాలనుకున్నది ఇంటి ఇల్లాలిని. తన కోరికను తన నోటితో చెప్పే గణికకు ఆ సంస్కరణలో చోటు లేకపోయింది. ఆయన ఎంతదూరం నడిచాడో, ఎక్కడ ఆగాడో రెండూ చూపించు. విమర్శకురాలి పని అదే.

ఇక మనవాళ్ల సంగతి. 1993లో 'నీలిమేఘాలు' అనే స్త్రీవాద కవితా సంకలనం వచ్చి, ఇంటి నాలుగు గోడల మధ్య పెత్తనం ఎలా సాగుతుందో కవిత్వంలో బయటపెట్టింది. అయితే కూలికెళ్లి, వాడలో బతికే మా గోడు ఇందులో ఏదని దళిత స్త్రీలు అడిగారు. గోగు శ్యామల కూర్చిన 'నల్లపొద్దు' తిరగేస్తే వాళ్లు ఎప్పటినుంచో రాస్తున్నారని తెలుస్తుంది. మగవాళ్లను నిలదీసిన గొంతే తన పక్కనున్న ఆడమనిషిని వినకపోవచ్చు. నాకూ నీకూ ఆ ప్రమాదం ఉంది.

అందుకే, నచ్చనివాళ్ల పుస్తకం ఎంత శ్రద్ధగా శల్యపరీక్ష చేస్తావో, నీ స్నేహితురాలి పుస్తకాన్నీ అంతే శ్రద్ధగా చెయ్యి. ఆరోపణ చేసినచోట పేజీ చూపించు. ఆమె నొచ్చుకుంటే నాలుగు రోజులు ఓపిక పట్టు. నీ లెక్క తప్పని చూపిస్తే మాత్రం వచ్చే సంచికలోనే దిద్దుకో.